ఎవరి మాట ప్రమాణం?

ఒక విషయాన్ని తెలుసుకోవడానికి నాలుగు దారులున్నాయని న్యాయదర్శనం చెబుతుంది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కళ్లతో చూసి, చెవులతో విని తెలుసుకునేది మొదటిది. నమ్మదగిన మనిషి చెప్పగా తెలుసుకునేది చివరిది. ఆ నమ్మదగిన మనిషికి నైయాయికులు పెట్టిన పేరు ఆప్తుడు. విషయాన్ని తాను స్వయంగా ఎరిగి, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలనుకునేవాడే ఆప్తుడు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇంకో మాట కూడా అన్నాడు. ఈ లక్షణం రుషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా సమానమేనట. అంత విశాలంగా ఆలోచించిన ఆ జాబితాలో కూడా స్త్రీని తలుచుకోవలసిన అవసరం కనిపించలేదు.

పత్రికా రచన తనను తాను ఎప్పుడూ ప్రత్యక్షం వైపునే నిలబెట్టుకుంది. ‘వెళ్లి చూసి రాయి’ అన్నది జర్నలిజంలో అడుగుపెట్టినవాళ్లకి నేర్పే మొదటి పాఠం. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యాక ఆ పాఠం చాలామందికి ఆచరణలో సాధ్యం కాలేదు. పత్రికలకూ ఛానళ్లకూ అత్యవసర సేవల మినహాయింపు ఉన్నా, వార్త ఎక్కువగా ఫోన్లోనే పుట్టింది. ప్రెస్‌మీట్లు తెర మీదికి మారాయి. జిల్లా అనుబంధాలు కుదించుకుపోయి మెయిన్ పేపరు పేజీల్లో కలిశాయి. ఒక్కమాటలో చెప్పాలంటే, పత్రికారంగం మొత్తం ప్రత్యక్షం నుంచి శబ్దానికి జరిగింది. చూడడం మాని వినడం మీద ఆధారపడింది. అందులో తప్పేమీ లేదు. కానీ వినాల్సి వచ్చినప్పుడు ఎవరిని వినాలని నిర్ణయించుకుంది? ఎవరిని ఆప్తులుగా ఎంచుకుంది? నన్ను వెంటాడుతున్న ప్రశ్న ఇదే.

నేనుండే పెదకాకాని గుంటూరుకి ఆనుకున్న ఊరు. శివాలయం, బాజీబాబా దర్గా, కంటి ఆసుపత్రి, మండలంలోనే నాగార్జున విశ్వవిద్యాలయం, ఊరిని ఆనుకుని పదహారో నంబరు జాతీయ రహదారి. చుట్టూ పత్తి, మిరప. ఇలాంటి చోట వార్త రాసే మనిషిని కంట్రిబ్యూటర్ అంటారు. అతనికి జీతం ఉండదు. అచ్చయిన వార్తను బట్టి లైన్ అకౌంటు వస్తుంది. అది బండి పెట్రోలుకి సరిపోతే గొప్ప. ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా అతనిదే. మండలాల్లో ఈ పని చేసేవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. 1970ల నుంచి తెలుగు దినపత్రికలు పల్లెలకు విస్తరించిన కథని రాబిన్ జెఫ్రీ, సేవంతి నైనన్ లాంటివాళ్లు పుస్తకాలుగా రాశారు. ఆ విస్తరణంతా ఈ చవక శ్రమ మీదే నిలబడింది.

అందుచేత ‘అతను వెళ్లి చూడాల్సింది’ అని తీర్పు చెప్పే ముందు మనం కాస్త ఆగాలి. 2020 ఏప్రిల్ 20న ముంబయిలో 53 మంది జర్నలిస్టులకు కరోనా సోకిందన్న వార్త వచ్చింది. జూన్‌లో ఒక తెలుగు ఛానల్‌కి చెందిన యువ రిపోర్టరు హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. 2021లో రెండో వేవ్ వచ్చేసరికి చనిపోయిన జర్నలిస్టుల పేర్లు రోజూ వినపడేవి. 2002లో ఏర్పడిన మహిళా జర్నలిస్టుల వేదిక, నెట్‌వర్క్ ఆఫ్ విమెన్ ఇన్ మీడియా, ఆ పేర్లను జాబితాగా నమోదు చేస్తూ వచ్చింది. ఆడవాళ్లు పూనుకుని చేసిన ఆ లెక్క కూడా ఒక రకమైన పత్రికా రచనే. జీతం, బీమా ఇవ్వని వ్యవస్థలో పనిచేసే మనిషిని ప్రాణం పణంగా పెట్టి ప్రత్యక్షాన్ని తెమ్మని అడిగే నైతిక హక్కు పాఠకులకి లేదు. యాజమాన్యాలకి అసలే లేదు.

కనుక దూరం తప్పనిసరి అని ఒప్పుకుందాం. ఒప్పుకున్నాకే అసలు ప్రశ్న మొదలవుతుంది.

ఆ నెలల్లో ఆప్తుడి స్థానం అధికారికి దక్కింది. ప్రభుత్వ బులెటిన్ రోజూ వచ్చేది. గడచిన 24 గంటల్లో ఇన్ని కేసులు, ఇన్ని మరణాలు. 2020 మార్చి 31న వలస కార్మికుల మీద దాఖలైన వ్యాజ్యంలోనే సుప్రీంకోర్టు, కరోనా పరిణామాలపై మీడియా అధికారిక వివరణను ప్రస్తావించి ప్రచురించాలని చెప్పింది. చర్చను ఆపబోమని కూడా అన్నది. అయినా కింద మండలాల దాకా వచ్చేసరికి ఆ ఉత్తర్వుకి మిగిలిన అర్థం, ప్రెస్‌నోట్ ఉంటే చాలుననే.

మరి ఆ అంకె ఎక్కడ పుట్టింది? ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం ఇంటింటికీ తిరిగి జ్వరం ఉందా, దగ్గు ఉందా అని అడిగితే పుట్టింది. గడప దగ్గర నిలబడి లోపలి మనిషి ముఖం చూసింది ఆమె. వాత్స్యాయనుడి లక్షణం ప్రకారం ఆప్తురాలు ఆమే. కానీ ఆమె చూసింది కాగితం మీద అంకెగా మారి పైకి వెళ్లి, పై అధికారి నోటి నుంచి వార్తగా కిందికి దిగింది. చూసిన మనిషి ఒకరు, ప్రమాణమైన మనిషి మరొకరు. ఆమె పేరు పేపర్లో వచ్చిందంటే అది ఎక్కువగా పూలు చల్లినప్పుడో, శాలువా కప్పినప్పుడో. ఆమె చూసిన సంగతికి ఆమెనే మూలంగా చూపించిన వార్తలు వెతికితే తప్ప దొరకవు. దేవతలా పొగిడి సాక్షిగా పక్కన పెట్టడం మనకి కొత్త కాదు.

బ్రిటిష్ తత్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో వెలువరించిన ‘ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్’లో దీనికొక పేరు పెట్టింది. చెప్పే మనిషి స్త్రీ కావడం వల్లనో, నల్లజాతి కావడం వల్లనో వినేవాళ్లు ఆ మాటకు ఇవ్వాల్సినంత విలువ ఇవ్వకపోవడాన్ని సాక్ష్యానికి సంబంధించిన అన్యాయం అన్నది. ఒక మనిషిని తెలిసిన మనిషిగా గుర్తించకపోవడం కూడా ఆమెకి చేసే హానే అని ఆమె వాదన. మన దగ్గర కులాన్ని కలుపుకుంటే తప్ప ఆ మాట పూర్తి కాదు.

మిరప చేలకి వద్దాం. లాక్‌డౌన్ వచ్చేసరికి గుంటూరు జిల్లాలో కోతలు నడుస్తున్నాయి. కర్నూలు జిల్లా ఆదోని, ఎమ్మిగనూరు వైపు పల్లెల నుంచి ఏటా వేల కుటుంబాలు ఇక్కడి కోతలకి వస్తాయి. కాయ కోసేదీ, కల్లంలో ఎండబోసేదీ, తాలుకాయ ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్లే. మిరపయార్డు మూతపడింది. బస్సుల్లేవు. వాళ్లు చేలగట్ల మీద గుడారాల్లోనే చిక్కుకుపోయారు. వాళ్ల గురించి వార్తలు రాలేదని అనలేం. వచ్చాయి. ఎలా వచ్చాయన్నదే ప్రశ్న. కంట్రిబ్యూటర్ చేతిలో ఉన్నది ముఠా మేస్త్రీ నంబరు. మేస్త్రీ మగవాడు. భోజనాలున్నాయా, ఎంతమంది ఉన్నారు, ఎప్పుడు వెళ్తారు అన్న ప్రశ్నలకి జవాబు అతను చెప్పాడు. అది అబద్ధమని కాదు. అతనికి తెలిసింది అంతే.

మరుసటి ఏడాది కోతలకి మళ్లీ వచ్చిన ఒకామెతో మాట్లాడినప్పుడు ఇలా అంది: “పేపరోల్లు మా మేస్త్రీకి ఫోన్ జేసినారంటమ్మా. ఆయప్ప బియ్యం ఉండాయి అని జెప్పినాడు. బియ్యం ఉన్నెలే. నీల్లకి ఊర్లోకి రానియ్యలేదు, ముల్లకంప ఏసినారు. నెలనెలా వచ్చేదానికి గుడ్డలు ఉతుక్కునేకి కూడా నీల్లు ల్యా. అది ఆయప్పకి ఎట్ల తెలుస్తాది?” ఆమె చెప్పినది రహస్యమేం కాదు. అడిగితే చెప్పేదే. ఆమెకంటూ ఒక ఫోను లేకపోవడం వల్ల అది వార్త కాలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్న స్త్రీలు 48.9 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, మగవాళ్లు 48.8 శాతం. ఇంటింటికీ తిరిగి ఆ లెక్క తీసింది కరోనాకి ముందే. అంటే ‘ఇక నుంచి ఫోన్లో తెలుసుకుందాం’ అని పత్రికలు అనుకున్న రోజునే రాష్ట్రంలో సగం మంది స్త్రీలు ఆ పరిధికి బయట ఉన్నారు. ఫోన్ ఉన్న స్త్రీకైనా మాట్లాడే చోటు ఉండాలి కదా. 2020 ఏప్రిల్‌లో గృహహింస ఫిర్యాదులు పెరగడంతో జాతీయ మహిళా కమిషన్ వాట్సాప్ నంబరు ప్రకటించింది. కొట్టే మనిషి అదే గదిలో కూర్చుని ఉన్నప్పుడు నోటితో చెప్పలేరని కమిషన్‌కి అర్థమైంది. ఆ గదిలోకే ఫోన్ చేసి ‘అమ్మా, లాక్‌డౌన్ ఎలా గడుస్తోంది’ అని అడిగిన విలేకరికి ‘బాగానే ఉందండీ’ అన్న జవాబు వస్తే అది ఎవరి జవాబు?

ఫ్రికర్ రెండో అన్యాయం గురించి కూడా చెబుతుంది. ఒక అనుభవాన్ని అర్థం చేసుకునే మాటలే సమాజం దగ్గర లేకపోవడం. గుంటూరులో దీనికి నాకు తోచే ఉదాహరణ దగ్గు. మిరపకాయ ఉన్నచోట దగ్గు ఉంటుంది. కోల్డ్ స్టోరేజీల దగ్గర, షెడ్లలో కిలోల లెక్కన తొడిమలు తీసే ఆడవాళ్లు ముక్కుకీ మూతికీ పాత చీరముక్క కట్టుకునే పని చేస్తారు. దేశానికి మాస్కు 2020లో వచ్చింది, వీళ్లకి ఎప్పటినుంచో ఉంది. ఘాటుకి ఏళ్ల తరబడి దగ్గుతున్నా అది ఎన్నడూ వార్త కాలేదు, వృత్తిరోగంగా ఎవరి లెక్కలోకీ రాలేదు. ఆ ఏడాది మాత్రం అదే దగ్గు నేరమైంది. ఆటోలో పక్కన కూర్చోనివ్వని, పనికి రావద్దనిపించిన దగ్గు అది. దగ్గు ‘అనుమానం’ అయింది, తర్కశాస్త్రంలోని అనుమానం కాదు, వాడుకలోని అనుమానం. ఇది ఏ దగ్గో తెలియాలంటే ఆమెతో కలిసి ఒక పూట ఆ షెడ్డులో కూర్చుని ఉండాలి. ఒక పూట కూర్చున్న విలేకరులు కరోనాకి ముందు మాత్రం ఎందరున్నారు? కరోనా కొత్త దూరాన్ని సృష్టించిందని అనుకుంటున్నాం గానీ, ఉన్న దూరానికి అది ఒక సాకు చూపించింది.

అనుమానం మతాన్ని బట్టి కూడా నడిచింది. 2020 ఏప్రిల్‌లో ఢిల్లీ మర్కజ్ వార్తల తర్వాత కొన్ని పత్రికలు, ఛానళ్లు కేసుల అంకెల్ని ఒక మతానికి అంటగట్టాయి. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం మర్కజ్‌కి వచ్చిన విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లని బలిపశువుల్ని చేసిన ప్రచారాన్ని తప్పుపట్టింది. దర్గాకీ శివాలయానికీ అన్ని మతాలవాళ్లూ వెళ్లే మా ఊరి లాంటి చోట ఆ నాలుగు నెలలు మిగిల్చిన ఎడం గురించి రాయడానికి ఎవరి మాట అడిగారు?

దగ్గరగా ఉంటే చూసినట్టేనా అంటే అదీ కాదు. 2020 మే నెలలో మా ఊరి పక్క రహదారి మీద చెన్నై వైపు నుంచి వచ్చిన కూలీలు ఒడిశా, బీహార్ దిక్కుగా నడిచారు. కెమెరాలు వచ్చాయి. పగిలిన పాదాలు, నెత్తిన మూటలు, చంకన బిడ్డలు. అవన్నీ నిజమే. మే 15న ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ డి.వి.ఎస్.ఎస్. సోమయాజులు, జస్టిస్ కన్నెగంటి లలితలతో కూడిన ధర్మాసనం, నడిచి వెళ్లేవారికి తిండీ నీళ్లతో పాటు స్త్రీల మరుగుకి భంగం కలగని తాత్కాలిక మరుగుదొడ్లు, శానిటరీ ప్యాడ్లు అందుబాటులో ఉంచమని ఉత్తర్వు ఇచ్చింది. నడిచే స్త్రీకి నెలసరి వస్తుందన్న సంగతి రోడ్డు పక్కన నిలబడ్డ కెమెరాల్లో నేను చూడలేదు. కోర్టు గదిలో కూర్చుని రాసిన కాగితంలో చూశాను. దగ్గరతనం అడుగుల్లో కొలిచేది కాదని నాకు అప్పుడు స్పష్టంగా అర్థమైంది.

ఈ విషయాన్ని మనకంటే ముందు ఆలోచించినవాళ్లు అప్పటి మెదక్ జిల్లా దళిత స్త్రీలు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకుని వీడియో కెమెరా పట్టారు. 2008లో సంఘం రేడియో మొదలుపెట్టారు. చదువుకోని ఆ స్త్రీలు కెమెరా కోణాలకి తమ పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కింద నుంచి తలెత్తి చూసేది జీతగాడి చూపు. కంటికి కన్ను సమంగా చూసేది సంఘం షాట్. సినిమా పాఠ్యపుస్తకాల్లో ఇది సాంకేతిక విషయం. వాళ్లకి ఇది కులం, భూమి, ఆడతనం కలిసిన జీవితానుభవం. సంఘంలో అందరూ నేల మీద కూర్చుంటారు కనుక అక్కడ చూపు సమంగా ఉంటుంది. రహదారి మీది ఫోటోలు చాలావరకు పటేల్ షాట్లే. కెమెరా ఎత్తు వల్ల కాదు, అవతలి మనిషి మాట అక్కర్లేదనుకోవడం వల్ల.

ఇదే కాలంలో అరబ్ దేశాల జర్నలిస్టులు ఏం చేశారో గమనించడం మనకి అవసరం. అక్కడ మన ఆడవాళ్లున్నారు. 2020 మార్చిలో జోర్డాన్, ఒమన్, మొరాకో, యెమెన్‌లు కాగితం ద్వారా వైరస్ వ్యాపిస్తుందని పత్రికల ముద్రణ ఆపేశాయి. కేసుల సంఖ్య మీద కథనం రాసినందుకు ఇరాక్ ఏప్రిల్‌లో రాయిటర్స్ లైసెన్సు నిలిపివేసింది. ఈజిప్టులో మహమ్మద్ మునీర్ అనే పాత్రికేయుడు జైలు నుంచి విడుదలైన కొద్ది రోజులకే జులైలో కరోనాతో చనిపోయాడు. 2005 నుంచి అమ్మాన్ కేంద్రంగా పనిచేస్తున్న అరబ్ పరిశోధక పాత్రికేయుల సంస్థ ‘అరీజ్’ ఆ ఏడాది తన వార్షిక సదస్సుని తెర మీదే జరుపుకుంది. అక్కడ దూరం ప్రభుత్వాలకు ఉపయోగపడింది. వెళ్లొద్దు, చూడొద్దు, మేం చెప్పిందే రాయండి అనడానికి ఆరోగ్యం ఒక మర్యాదైన కారణం.

ఆ దేశాల్లోనే, కువైట్ ఇళ్ల లోపల, కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వెళ్లిన వేలమంది తెలుగు స్త్రీలు వంటపని, ఇంటిపని చేస్తున్నారు. లాక్‌డౌన్‌లో యజమాని కుటుంబమంతా ఇంట్లోనే ఉంటే పని ఎంత పెరుగుతుందో ఏ ఆడమనిషికీ వివరించక్కర్లేదు. ఏ విలేకరీ ఆ వంటింట్లోకి వెళ్లలేడు. అయినా వార్త బయటికి వచ్చింది. స్నానాలగదిలోకి వెళ్లి తలుపేసుకుని, గొంతు తగ్గించి, ఫోన్ కెమెరా ముందు తమ సంగతి తామే చెప్పుకున్నవాళ్లున్నారు. ఆప్తుల కోసం పత్రికలు ఫోన్ నంబర్లు వెతుక్కుంటున్నప్పుడు, సాక్షి తానే నడిచి వచ్చింది. మన ఛానళ్లు ఆ వీడియోలని ఏం చేశాయి? ముఖం కనిపించేలా, ఊరి పేరుతో సహా, వెనక విషాద సంగీతంతో పదేపదే వేశాయి. అది చూసి ఆమె యజమాని ఏం చేస్తాడన్న ఆలోచన ఎక్కడా లేదు. ఆమె సాక్ష్యం కావాలి, సాక్షికి రక్షణ అక్కర్లేదు.

నా స్నేహితురాలొకామె ఒక పత్రిక డెస్కులో ఇరవై ఏళ్లు పనిచేసింది. ఈ మాటలన్నీ విని ఆమె అభ్యంతరం చెప్పింది. “మీరు మళ్లీ ‘వెళ్లి చూసినవాడే మొనగాడు’ అనే పాటే పాడుతున్నారు. ఆ మొనగాడితనం ఎప్పుడూ మగాడిదే. మమ్మల్ని రాత్రిపూట బయటికి పంపమని అడిగితే డెస్కులో కూర్చోబెట్టారు. ఫోన్ మీద, ఉత్తరాల మీద, వచ్చిన మనిషితో ఓపిగ్గా మాట్లాడి రాయడం మేం అక్కడే నేర్చుకున్నాం. 2020లో అందరూ మా పద్ధతిలోకే వచ్చారు. పైగా మేం ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని చేశాం.”

ఆమె మాటలో బలం ఉంది. ప్రత్యక్షాన్ని పూజించడం కూడా ఒక పురుష విలువే. ఎక్కడికైనా వెళ్లగలిగే శరీరం, ఇంటి బాధ్యత లేని సమయం ఉన్నవాడి విలువ. ఆమె అభ్యంతరం నా ప్రశ్నని కొట్టెయ్యలేదు, దానికి సరైన రూపమిచ్చింది. దూరం నుంచి రాయడం దోషం కాదు. దూరాన్ని దాచిపెట్టడం దోషం. ‘కూలీలు ఇబ్బందులు పడుతున్నారు’ అన్న వాక్యంలో ఎవరు చూశారో, ఎవరు చెప్పారో ఉండదు. ‘కూలీలు ఇబ్బందులు పడుతున్నారని మేస్త్రీ ఫోన్లో చెప్పాడు, ఆడకూలీలతో మాట్లాడలేకపోయాం’ అని రాస్తే వార్త చిన్నదవుతుంది గానీ నిజమవుతుంది. చదివేవాళ్లకి ఖాళీ ఎక్కడుందో తెలుస్తుంది. ఇంకో విలేకరి ఆ ఖాళీని పూరించడానికి వెళ్తాడు.

రెండోది, మాట ఇచ్చిన మనిషికి మాట తిరిగి చేరాలి. 2001లో చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల స్త్రీలు తామే రాసి నడిపిన ‘నవోదయం’ పత్రికకీ, 2002లో బుందేల్‌ఖండ్‌లోని చిత్రకూట్‌లో దళిత, ముస్లిం, ఆదివాసీ స్త్రీలు మొదలుపెట్టిన ‘ఖబర్ లహరియా’కీ ఉన్న బలం ఇదే. రాసినవాళ్లూ, ఎవరి గురించి రాశారో వాళ్లూ రేపు అదే బావి దగ్గర కలుసుకోవాలి. తప్పు రాస్తే అక్కడే అడుగుతారు. అలాంటి చోట సాక్ష్యం ఉచితంగా తీసుకుపోయే సరుకు కాదు, తీర్చాల్సిన బాకీ.

మూడోది, వినడానికి ఎవరిని ఎంచుకున్నామో ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకోవాలి. 2020 ఏప్రిల్‌లో ములుగు జిల్లా మిరప చేల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాకి నడుచుకుంటూ బయల్దేరిన పన్నెండేళ్ల ఆదివాసీ అమ్మాయి ఇంటికి కొద్ది దూరంలో ప్రాణం విడిచింది. దేశమంతా ఆమె వార్త చదివింది. ఆమె చనిపోబట్టి చదివింది. అదే గుంపులో బతికి ఇల్లు చేరిన ఆడవాళ్ల దగ్గర, పన్నెండేళ్ల పిల్లలు మిరప కొయ్యడానికి ఎందుకు వస్తున్నారన్న ప్రశ్నకి జవాబు ఉంది. చావు తనంతట తాను వార్త అవుతుంది. బతికున్న ఆడమనిషి మాట వార్త కావాలంటే ఎవరో ఒకరు ఆమెని ఆప్తురాలిగా గుర్తించాలి.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. విలేకరుల పనిలో వచ్చిన మార్పు మాత్రం ముగియలేదు. ప్రెస్‌నోట్ వాట్సాప్ గ్రూపులో వస్తోంది, ఫోటో కూడా దాంతోనే వస్తోంది, వెళ్లడం దండగ ఖర్చు అనిపిస్తోంది. మహమ్మారిలో ప్రాణాలు కాపాడుకోవడానికి పెట్టుకున్న ఎడం ఇప్పుడు డబ్బులు ఆదా చేసే ఎడంగా స్థిరపడింది. తొడిమల షెడ్లలో కిలోకి కూలి ఎంతో తెలుసుకోవడానికి ఇప్పటికీ ఫోన్ వెళ్లేది యజమానికో, మేస్త్రీకో. పెదకాకాని నుంచి గుంటూరు యార్డుకి ఆటోలో అరగంట ప్రయాణం. ఆ షెడ్డులో ముఖానికి గుడ్డ కట్టుకుని కూర్చున్నామెకి కాయ ఘాటు తెలుసు, కూలి తెలుసు, తూకంలో పోయేదెంతో తెలుసు. ఆమె స్వయంగా ఎరిగిన మనిషి, అడిగితే ఎరిగింది ఎరిగినట్టు చెప్పడానికి సిద్ధంగా ఉన్న మనిషి. ప్రమాణానికి న్యాయశాస్త్రం అంతకంటే ఎక్కువేమీ అడగలేదు.